చెవి వెనక బిళ్ల

మృదుల రోజుకు సగటున మూడు వందల నలభై సార్లు ఫోను చేతిలోకి తీసుకునేది. అందులో ఫోను మోగిన సందర్భాలు యాభైకి మించవు. మిగతావన్నీ ఊరికే తీసి, తెర వెలిగించి, ఏమీ రాలేదని చూసి, మళ్ళీ బోర్లా పెట్టేయడమే. ఈ లెక్క తీసింది ఆమె అక్క వనజాక్షి. చెల్లెలికి చెప్పే ఆమె ఫోనులో ఒక చిన్న ప్రోగ్రాం పెట్టి, వారం రోజులు లెక్కించింది. ఇలాంటి లెక్కలు తీయడమే వనజాక్షి ఉద్యోగం. విశాఖపట్నంలో, పెదవాల్తేరు దగ్గర, మెదడు మీద పరిశోధన చేసే ఒక ప్రైవేటు కేంద్రంలో తొమ్మిదేళ్ళుగా టెక్నీషియన్‌గా పనిచేస్తోంది.

తండ్రి మృదుల చిన్నతనంలోనే పోయాడు. తల్లి పోయి ఆరేళ్ళయింది. అప్పటినుంచి ఇంట్లో ఇద్దరే. మృదులకు ఇప్పుడు ఇరవై ఏళ్ళు, డిగ్రీ రెండో సంవత్సరం. తెలివైన పిల్లే. కానీ ఆ ఏడాది క్లాసు గ్రూపులో తను పెట్టిన మాటకు ఎవరూ జవాబివ్వకపోతే అన్నం మానేసేది. చూసినట్టు నీలం గీతలు పడి కూడా జవాబు రాకపోతే కడుపు పట్టుకుని పడుకునేది. పరీక్షకు ముందు ఫోన్లు బయట పెట్టమంటే చేతులు వణికి, సొంత హాల్ టికెట్ నంబరు తప్పు రాసి వచ్చింది. ఇద్దరు డాక్టర్లకు చూపిస్తే ఇద్దరూ ఒకటే అన్నారు, ఒత్తిడి, ఫోను తగ్గించమని.

"తగ్గించమంటే తగ్గుద్దేటక్కా?" అంది మృదుల. "ఆకలి తగ్గించుకోమన్నట్టుంటాది. నాకు మాత్రం సరదాయా?"

అదే సమయంలో కేంద్రంలో డాక్టర్ అనసూయ చేస్తున్న పని ఒక కొలిక్కి వచ్చింది. చెయ్యి ఫోను మీదకు వెళ్ళడానికి సెకనున్నర ముందు, ఒంట్లో చిన్న బిగువు పుడుతుందని ఆమె పదకొండేళ్ళ కిందట కనిపెట్టింది. ఏదో వస్తుందేమో, వచ్చిందేమో అన్న ఆత్రం. మనిషికి అది తెలిసేలోపే చెవి వెనక నరంలో దాని జాడ కనిపిస్తుంది. ఆ క్షణంలోనే అక్కడ చిన్న విద్యుత్తు తాకిడి ఇస్తే ఆ బిగువు పెరగకుండానే అణిగిపోతుంది. దానికోసం ఒక బిళ్ల తయారుచేశారు. రూపాయి కాసంత ఉంటుంది, చర్మానికి అంటుకుని ఉంటుంది, జుట్టు కప్పితే కనపడదు. నలభై మంది కాలేజీ పిల్లల మీద ఆరు నెలలు పరీక్షించడానికి అనుమతి వచ్చింది.

కేంద్రంలో పనిచేసేవాళ్ళ బంధువులను తీసుకోకూడదని నిబంధన. దరఖాస్తులో ఆ ప్రశ్నకు ఎదురుగా వనజాక్షి మృదుల చేత 'లేరు' అని రాయించింది. చిరునామా దగ్గర మృదుల స్నేహితురాలు తబిత ఇంటిది ఇచ్చారు. అక్కాచెల్లెళ్ళ ఇంటిపేరు గొర్లె ఆ జిల్లాల్లో వీధికొకటి ఉంటుంది కాబట్టి ఎవరూ అడగలేదు. మృదులకు పదిహేడో నంబరు వచ్చింది.

మొదటి రోజు బిళ్ల సరిచేసింది వనజాక్షే. మృదుల ఎదురుగా బల్ల మీద ఫోను బోర్లా పెట్టి, తను తెర ముందు కూర్చుంది. కాసేపటికి తెర మీద గీత లేచింది. వెంటనే మృదుల చెయ్యి కదిలింది. అలా ఇరవైసార్లు చూశాక వనజాక్షి బిళ్ల మీట నొక్కింది. ఈసారి గీత లేవబోయి, పొంగబోయిన పాల మీద నీళ్ళు చల్లినట్టు కూర్చుండిపోయింది. మృదుల చెయ్యి ఒళ్ళోనే ఉంది.

"ఎలా ఉంది?" అని అడిగింది వనజాక్షి, ఎవరో పరాయి పిల్లను అడిగినట్టు. గదిలో అనసూయ కూడా ఉంది.

"తుమ్ము వచ్చి ఆగిపోయినట్టుంది మేడమ్," అంది మృదుల.

మొదటి వారంలో మూడు వందల నలభై నూట పదికి దిగింది. నెల తిరిగేసరికి ఇరవై ఆరుకు వచ్చింది. లాలాజలంలో ఒత్తిడి హార్మోను పాళ్ళు సగానికి పడ్డాయి. నలభై మందిలో ముప్పై ఎనిమిది మందికి ఇదే ఫలితం. అనసూయ అంత తొందరగా నవ్వే మనిషి కాదు. ఆ నెల రిపోర్టు చూసి మాత్రం అందరికీ కాఫీలు తెప్పించింది.

ఇంట్లో మార్పు ఇంకా బాగా కనపడేది. మృదుల పుస్తకం తెరిస్తే రెండు గంటలు తల ఎత్తేది కాదు. కడుపునొప్పి పోయింది. తల్లి చేసినట్టు బెల్లం వేసి ఆనపకాయ పులుసు పెట్టడం నేర్చుకుంది. మూడో సెమిస్టర్లో క్లాసులో రెండో ర్యాంకు వచ్చింది. ఫోను బీరువాలో బట్టల మీద పడి ఉండేది. వనజాక్షి ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తే పూర్వం మూడు నాలుగు ఫోన్లు వచ్చేవి, ఎక్కడున్నావు, ఇంకా ఎంతసేపు అని. ఇప్పుడు ఒక్కటీ వచ్చేది కాదు. వనజాక్షికి అది కూడా మంచిదే అనిపించింది. పిల్ల ఎదిగింది అనుకుంది.

నాలుగో నెలలో ఒక సాయంత్రం తబిత ఇంటికి వచ్చింది. మృదుల ట్యూషన్‌కు వెళ్ళిందని చెప్పినా కూర్చుంది. ఇద్దరూ ఆరో తరగతి నుంచి ఒక బెంచీ. కాసేపు చున్నీ కొస మెలితిప్పుతూ ఉండి, చెప్పింది.

"మా డాడీకి ఆపరేషనైంది కదక్కా. పది రోజులైపోయింది. అది ఒక్కసారి అడగలేదు."

"మరిచిపోయుంటాదే."

"మరిచిపోలేదు. నేనే కాలేజీలో చెప్తే ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది, నటన కాదు. నా చెయ్యి పట్టుకుని అరగంట కూర్చుంది. నేను ఇంటికెళ్ళాక మళ్ళీ అంతే. ఎదురుగా ఉంటే నేను ఉన్నట్టు దానికి. కళ్ళముందు లేకపోతే లేనట్టే." తబిత లేచింది. "నేనొచ్చినట్టు చెప్పకండి. అది నా గురించి అడిగితే చెప్పండి."

మృదుల అడగలేదు. వనజాక్షి కూడా చెప్పలేదు. పిల్లల మధ్య మామూలు అలకలే అనుకుంది. అలా అనుకోవడం తనకు తేలిక కాబట్టి కూడా అనుకుంది.

జనవరిలో ఒక ఆదివారం ఉదయం ఎనిమిదింటికి, చేపలు తెస్తానని వనజాక్షి స్కూటీ మీద హార్బరుకు బయలుదేరింది. "గంటలో వచ్చేస్తాను, చింతపండు నానెయ్యి" అని చెప్పి వెళ్ళింది. వచ్చేటప్పుడు ముందు వెళ్తున్న చేపల లారీ నుంచి నీళ్ళు కారి రోడ్డంతా జారుగా ఉంది. మలుపులో స్కూటీ పడిపోయింది. ఎడమ మణికట్టు విరిగింది. ఫోను రోడ్డు మీద జారిపోయి, వెనక వచ్చిన ఆటో కింద నలిగింది. ఎవరో ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ నర్సు తన ఫోను ఇచ్చి ఇంటికి చేసుకోమంది. చెల్లెలి నంబరు తనకు కంఠతా రాదని వనజాక్షికి అప్పుడు తెలిసింది.

ఎక్స్‌రే వరసలో కూర్చుని ఆమె తన నొప్పి కంటే ఇంట్లో మృదుల ఎంత కంగారు పడుతోందో అని బాధపడింది. పదింటికి తబితకు చేసి ఉంటుంది, పన్నెండింటికి హార్బరుకే వచ్చి ఉంటుంది అని ఊహించుకుంది. కట్టు కట్టించుకుని, ఆటోలో ఇల్లు చేరేసరికి అయిదు దాటింది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. మృదుల కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. తల ఎత్తి చూసి, పుస్తకం కింద పడేసి లేచింది.

"అక్కా, చెయ్యికేటైంది? పడిపోయావా? కూర్చో, కూర్చో." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంచినీళ్ళు తెచ్చింది, తలకింద దిండు పెట్టింది, చీరకు అంటిన బురద తడిగుడ్డతో తుడిచింది. అందులో ఏ లోపమూ లేదు. వనజాక్షి వంటగది వైపు చూసింది. గిన్నెలో చింతపండు నాని, నీళ్ళు ఎర్రబడి ఉన్నాయి. పక్కన కడిగి బోర్లించిన ఒక కంచం ఉంది.

"భోంచేశావా?"

"పెరుగన్నం తిన్నాను. ఒంటిగంటకి."

"గంటలో వస్తానన్నాను కదే. రాకపోతే ఫోన్ చెయ్యలేదేం?"

మృదుల ఆలోచించింది. దాచిపెట్టడానికి కాదు, నిజం ఏమిటో వెతుక్కుంటున్నట్టు ఆలోచించింది.

"నువ్వు రాలేదని తెలుసక్కా. గడియారం చూశాను కూడా. కానీ ఏటీ అనిపించలేదు." తడిగుడ్డ పిండుతూ అక్క మొహం చూసింది. "అనిపించాలి కదా?"



మరునాడు సోమవారం. ప్రతి సోమవారం నలభై బిళ్లలూ దాచుకున్న లెక్కలు కేంద్రంలోకి దింపుతారు. వనజాక్షి కుడిచేత్తోనే ఆ పని చేసింది. రిపోర్టులో వేసేది రోజుకు ఎన్నిసార్లు ఫోను తీశారన్న అంకె, బిళ్ల ఎన్నిసార్లు పనిచేసిందన్న అంకె, అంతే. పనిచేసిన ప్రతిసారీ విజయం కిందే లెక్క. ఏ వేళప్పుడు పనిచేసిందన్నది ఎవరూ తెరిచి చూడలేదు. చూడవలసిన అవసరం రాలేదు. వనజాక్షి పదిహేడో నంబరులో ఆదివారం లెక్క తెరిచింది.

ఉదయం తొమ్మిది వరకు బిళ్ల నాలుగుసార్లు పనిచేసింది. తొమ్మిదింబావు నుంచి మొదలైంది. తొమ్మిదిన్నరకు రెండు నిమిషాలకొకసారి. పదకొండుకు నిమిషానికొకసారి. ఒంటిగంటకు, పెరుగన్నం తింటున్న వేళ, గీతలు ఒకదాని మీద ఒకటి పడి నల్లటి పట్టీలా ఉన్నాయి. అయిదూ పది నిమిషాలకు, తను గుమ్మంలో అడుగుపెట్టిన వేళ, ఆగిపోయాయి. మొత్తం ఆరు వందల పదకొండు. ఆ రోజంతా ఫోను బీరువాలోనే ఉంది.

మృదుల ఒళ్ళు అక్క కోసం ఆరు వందల పదకొండుసార్లు ఎదురుచూసింది. ప్రతిసారీ ఆ సంగతి మృదులకు తెలియకముందే బిళ్ల తుడిచేసింది. ఫోను కోసం పుట్టే ఆత్రానికీ మనిషి కోసం పుట్టే ఆత్రానికీ నరంలో తేడా లేదు. తేడా ఉంటుందేమో చూడాలని ఇంతమందిలో ఎవరికీ తోచలేదు.

ఈ సంగతి చెప్పాలంటే, ఆదివారం ఆ ఇంట్లో ఏం జరిగిందో తనకెలా తెలుసో చెప్పాలి. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే, జూన్ నుంచి ఒక జూనియర్ కాలేజీల సంస్థ తమ హాస్టళ్ళలో నాలుగు వేల మంది పిల్లలకు ఈ బిళ్లలు పెట్టడానికి ఒప్పందం సిద్ధంగా ఉంది. ఇంటిమీద బెంగ ఉండదు, చదువు బాగా సాగుతుంది అని ఆ సంస్థవాళ్ళు సంతోషంగా అన్న మాట వనజాక్షి స్వయంగా విన్నది. అప్పుడది మంచి మాటలాగే వినిపించింది.

మధ్యాహ్నం ఆ గీతలు కాగితం మీద తీసి, అనసూయ గదికి పట్టుకెళ్ళింది.

అనసూయ కళ్ళజోడు సర్దుకుని గీతలన్నీ చూసింది. "ఫోను లేకుండా ఇన్నిసార్లా? యంత్రం పాడయుండాలి."

"లేదు మేడమ్. ఆ టైములో ఆ అమ్మాయి అక్క ఇంటికి రాలేదు. యాక్సిడెంటయింది."

అనసూయ చూపు కాగితం మీద నుంచి వనజాక్షి చేతి కట్టు మీదకు వచ్చింది.

"ఎవరు ఆ అమ్మాయి?"

"మా చెల్లి."

"దరఖాస్తు మీద సంతకం చేయించింది నువ్వే కదా?"

"నేనే మేడమ్."

"పదకొండేళ్ళు వనజా," అంది అనసూయ. గొంతు పెంచలేదు. "నీకు తెలుసా, ఈ ఒక్క అబద్ధంతో ఈ ట్రయల్ మొత్తం కొట్టిపారెయ్యొచ్చు ఎవడైనా. బయటికెళ్ళు. నేను పిలిచేదాకా రాకు."

గంట తరవాత ఆమే బయటికి వచ్చింది. మిగిలిన ముప్పై తొమ్మిది మంది లెక్కలూ తెరిచి చూసిందని ముఖం చూస్తేనే తెలిసింది.

"అందరికీ ఇలాగే ఉంది," అంది. "నువ్వు చేసింది ఉత్తరంగా రాసి సంతకం పెట్టు. నీ చెల్లి డేటా తీసేస్తారు. అది ఇక సాక్ష్యం కాదు. మిగతావాళ్ళ ఇళ్ళవాళ్ళని పిలిపిస్తాను."

ఆ శనివారం ఇరవై తొమ్మిది కుటుంబాలు వచ్చాయి. అనసూయ అందరినీ ఒకే ప్రశ్న అడిగింది, మీరు ఇంటికి ఆలస్యంగా వచ్చిన రోజు మీ పిల్లలు ఏం చేస్తున్నారు అని. వనజాక్షి అప్పటికే సస్పెండయింది కాబట్టి లోపలికి రానివ్వలేదు. తలుపు బయట బల్ల మీద కూర్చుని విన్నది. చాలామంది మొదట పొగిడారు. పిల్లలు నెమ్మదస్తులయ్యారని, ఎదురు చెప్పడం లేదని. తరవాత మధురవాడ నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు అన్నాడు, "నేను పదిహేను రోజులకొకసారి ఇంటికొస్తానండి. బండి చప్పుడికే మా వాడు సందు చివరికొచ్చేసేవాడు. ఇప్పుడు మంచం మీంచే 'వచ్చావా నాన్నా' అంటాడు. ప్రేమగానే అంటాడండి. పెద్దోడైపోయాడనుకున్నాను." ఆ తరవాత ఒక్కొక్కరూ చెప్పడం మొదలుపెట్టారు. ఒక తల్లి మాత్రం చివరి వరకు బిళ్ల తీయొద్దనే అంది. బిళ్లకు ముందు తన కూతురు రెండుసార్లు చెయ్యి కోసుకుందని, ఇలా చల్లగా ఉన్నా బతికి ఉంటే చాలని అంది.

కేంద్రాన్ని నడిపే ట్రస్టు కార్యదర్శి పదిహేడో నంబరు కొట్టేసి మిగతాది ముందుకు నడపమన్నాడు. అనసూయ ఒప్పుకోలేదు. తన పేరుతోనే పూర్తి రిపోర్టు రాసి అనుమతి ఇచ్చిన కమిటీకి పంపింది. ట్రయల్ ఆగిపోయింది. కాలేజీల సంస్థ ఇంకో ఊళ్ళో ఇంకెవరినో వెతుక్కుంటోందని తరవాత విన్నారు.

ఇంట్లో మాత్రం ఆగలేదు. బిళ్ల తిరిగి ఇవ్వాలని కేంద్రం నుంచి ఉత్తరం వస్తే మృదుల చదివి పక్కన పెట్టింది.

"నేనివ్వను," అంది.

"మృదులా."

"నువ్వు నాకోసం పెట్టించావు. ఇప్పుడు నీకోసం తీయిస్తన్నావు. నేను నీకోసం కంగారు పడాలి, అదే కదా నీకు కావలసింది? పడేది నేను కదక్కా. ఆ కడుపునొప్పి నీది కాదు. ఆ హాల్లో చేతులు వణికింది నీకు కాదు." గొంతులో కోపం కూడా లేదు. ఆ ప్రశాంతతే వనజాక్షిని భయపెట్టింది.

వనజాక్షి బ్యాగులోంచి ఆ ఆదివారం గీతల కాగితం తీసి ఇచ్చింది. ఏ గీత ఏమిటో, గంటలు ఎటునుంచి ఎటు చదవాలో చెప్పింది. మృదుల వేలితో తొమ్మిదింబావు దగ్గర మొదలుపెట్టి నెమ్మదిగా కుడివైపుకు వెళ్ళింది. నల్లటి పట్టీ దగ్గర వేలు ఆగింది.

"ఇదేటి?"

"నువ్వు పెరుగన్నం తింటున్నావు."

"ఇవన్నీ నేనేనా?"

"నువ్వే."

మృదుల కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. ఏడవడానికి కావలసిందేదో రాబోయి అణగారిపోతోందని వనజాక్షికి అనిపించింది.

"పరీక్షలింకా పన్నెండు రోజులు," అంది. "అవి రాసేశాక ఇచ్చేస్తాను. అంతదాకా ఉండనీ."

వనజాక్షి ఒప్పుకుంది. అది తప్పో ఒప్పో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

చివరి పరీక్ష అయిన మరునాడు అనసూయే బిళ్ల తీసింది. మొదటి మూడు రోజులు ఏమీ లేదు. నాలుగో రోజు మృదుల బీరువా తెరిచి ఫోను తీసింది. వారం గడిచేసరికి రోజుకు రెండు వందలసార్లు తీస్తోంది. కడుపునొప్పి వచ్చింది. అక్క డయాగ్నస్టిక్ సెంటర్లో కొత్త ఉద్యోగానికి వెళ్తే మధ్యాహ్నంలోపు అయిదు ఫోన్లు. ఒకరోజు కట్టలు తెంచుకున్నట్టు ఏడ్చింది, అయిదు నెలలది ఒకేసారి. అనసూయ వారానికొకసారి, జీతం లేని పనిగా, మృదులను పిలిపించుకుని మాట్లాడేది. యంత్రం ఏదీ వాడలేదు. చెయ్యి ఫోను మీదకు వెళ్ళేటప్పుడు, ఎవరికోసం అని ఒక్కసారి అడుగు, పేరు దొరికితే తియ్యి, దొరక్కపోతే వద్దు అని మాత్రం చెప్పింది. చాలాసార్లు పేరు దొరికేది కాదు. అయినా చాలాసార్లు తీసేది. ఏప్రిల్‌కు నూట అరవై అయింది. అంతకంటే తగ్గలేదు.

ఒకరోజు పేరు దొరికింది. తబిత. ఆ నంబరుకు ఫోను చేస్తే ఎత్తలేదు. మెసేజ్ పెడితే నీలం గీతలు పడ్డాయి, జవాబు రాలేదు. మృదుల రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు ఆదివారం అక్కతో, "గాజువాక వెళ్దాం రా" అంది.

తబిత ఇంట్లో వాళ్ళమ్మ ఉంది. ముఖం ముడుచుకునే పలకరించింది. "చర్చి నుంచి వాళ్ళ పిన్ని ఇంటికెళ్ళింది. ఎప్పుడొస్తాదో తెలీదు. మీరొచ్చారని చెప్తాను."

వనజాక్షి వెళ్దామన్నట్టు చూసింది. మృదుల కదలలేదు.

"అంకుల్ ఎలా ఉన్నారాంటీ?" అని అడిగింది.

లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది. తల్లి కాసేపు మృదుల మొహంలోకి చూసి పక్కకు జరిగింది. "లోపలే ఉన్నారు. వెళ్ళి చూడు."

మృదుల వెళ్ళి పావుగంట కూర్చుని వచ్చింది. అయినా తబిత రాలేదు. ఎండ గోడ దిగి వాకిట్లోకి వచ్చింది.

"అక్కా, నీకు రేపు డ్యూటీ ఉంది కదా. నువ్వెళ్ళు," అంది.

"నువ్వు?"

"నేనుంటాను."

"కడుపులో ఎలా ఉంది?"

"నొప్పిగానే ఉంది," అంది మృదుల. చేతిలో ఫోను తిప్పుతూ, చూసుకుంటూ, మళ్ళీ రోడ్డు వైపు చూస్తూ, వాళ్ళ మెట్టు మీద కూర్చుంది.

వనజాక్షి వెళ్ళలేదు. ఎదురుగా ఉన్న టీ దుకాణం దగ్గర నిలబడింది. బస్సులు వచ్చి వెళ్తున్నాయి. ప్రతి బస్సుకూ మృదుల లేచి నిలబడుతోంది, దిగిన మొహాలన్నీ చూసి మళ్ళీ కూర్చుంటోంది. ఆరో బస్సులోంచి తబిత దిగింది. మెట్టు మీద ఉన్నది ఎవరో దూరం నుంచే గుర్తుపట్టి, రోడ్డు మధ్యలో ఆగిపోయింది.

"ఎప్పుడొచ్చావే?" అంది.

"రెండింటికి," అంది మృదుల.

తబిత చేతి గడియారం చూసుకుంది. ఆరు కావస్తోంది. ఇంకేమీ అడగకుండా వచ్చి, మెట్టు మీద ఆమె పక్కన కూర్చుంది.